చెప్పకుండా పడాల్సిన దెబ్బ

గొలుసు తెగింది. రాయి పడింది. అంకమ్మ ఎడమ కాలు మోకాలి కింది నుంచి మడమ దాకా రాయి కింద ఉండిపోయింది.

ఆమె అరవలేదు. అరిచింది ఆమె మొగుడు మాల్యాద్రి. చుట్టూ ఉన్నవాళ్ళు గడ్డపారలు దూర్చి రాయిని లేపారు. కాలు అక్కడే ఉంది గాని కాలు ఆకారంలో లేదు. తోలు సంచిలో కంకర పోసి తొక్కినట్టు ఉంది. వెంగయ్య తలగుడ్డ విప్పి తొడ చుట్టూ బిగించాడు. అతను ఆ క్వారీకి మేస్త్రీ, అంకమ్మకు అన్న. గొలుసు పాతదని అతనికి తెలుసు. క్వారీ యజమానికీ తెలుసు. ఆ గొలుసు కింద రోజూ నిలబడినవాళ్ళందరికీ తెలుసు.

ఒంగోలు ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పేశాడు.

“మోకాలి పైనుంచి తియ్యాలి. ఇప్పుడే.”

“తియ్యొద్దు,” అంది అంకమ్మ.

“ఉంచితే విషం ఎక్కుతుందమ్మా. ప్రాణం పోతుంది.”

“కాలు లేకపోతే నేనేం జేసేది? రాయిని రెండు పాదాల మధ్య బిగిస్తేనే ఉలి నిలబడేది. ఒక్క పాదంతో యాడ బిగించేది? తియ్యొద్దు.”

మాల్యాద్రి గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. “ఏడవమాక మావా. వాళ్ళకి చెప్పు. తియ్యొద్దని చెప్పు.”

వాళ్ళ ఊరు నల్లమెట్ట. చుట్టూ పెద్ద క్వారీల్లో తీగ రంపాలు, క్రేన్లు. వీళ్ళది మాత్రం చేతిపని. గుమ్మాల రాళ్ళు, కంచె రాళ్ళు. అంకమ్మ రాయిని పాదాల మధ్య బిగించి కూర్చుని ఉలి పట్టుకుంటుంది, మాల్యాద్రి సమ్మెట వేస్తాడు. రాతి పలుకులు కళ్ళల్లో పడకుండా ఉలి పట్టుకున్న మనిషి కళ్ళు మూసుకోవాలి. అందుకని సమ్మెట వేసేవాడు దెబ్బకు ముందు ‘హుఁ’ అని ఊపిరి వదులుతాడు. ఆ శబ్దానికి ఉలి బిగించాలి. దెబ్బ పడ్డాక ఉలిని కొద్దిగా తిప్పాలి. మళ్ళీ హుఁ. మళ్ళీ దెబ్బ. పెళ్ళయిన నాటి నుంచి అంకమ్మ పగలంతా కళ్ళు మూసుకుని ఆ ఊపిరి వింటూనే బతికింది. ఆమె వేళ్ళు పదీ ఉన్నాయి. నల్లమెట్టలో అలాంటి చేతులు తక్కువ.

ఆ గదిలో ఇంకొక డాక్టరు ఉంది. పేరు హైమవతి. ఎముకల ఆపరేషన్లు చేస్తుంది. క్వారీల నుంచి వచ్చిన కాళ్ళు తీసి తీసి ఆమెకు విసుగు పుట్టింది. విసుగు మంచిదే. దాని తర్వాత వచ్చే పట్టుదలే మంచిది కాదు.

“నేను ఉంచుతాను,” అంది హైమవతి.

బైపాస్ రోడ్డు పక్కన ఆమె ఆసుపత్రి, వెనక ప్రయోగశాల. పోయిన ఎముకను మళ్ళీ పెంచే పని జంతువుల మీద ముగిసింది. మనిషి మీద చెయ్యడానికి అనుమతి వచ్చింది. కాలు తియ్యొద్దని ఇంత గట్టిగా చెప్పే మనిషి మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రమే ఆపరేషన్. కాల్లోంచి ఎముక ముక్కలు ఏరి గిన్నెలో వేశారు. గిన్నె నిండింది. వాటి చోట దోమతెర లాంటి మెత్తటి అల్లిక పెట్టారు. అంకమ్మ తుంటిలోంచి తీసి పెంచిన కణాలను కొన్ని రోజుల తర్వాత ఆ అల్లికలోకి ఎక్కించారు. హైమవతి వాటిని మొలక అంటుంది.

మొలక తనంతట తాను ఎముక కాదు. దెబ్బ తగలాలి. ఆ దెబ్బకు మనిషి బెదరాలి. బెదిరినప్పుడు రక్తంలోకి దిగే రసం మొలకకు తగిలితేనే అది గట్టిపడుతుంది. మత్తిచ్చి కొడితే పనికిరాదు. బెదురు లేని దెబ్బకు కాలు వాస్తుంది, అంతే.

అందుకని ఒక మిషను చేయించింది. ఉక్కు చెయ్యి, దాని చివర రబ్బరు బిళ్ళ. కాలు కింద పెడితే పైనుంచి కొడుతుంది. మొదటి రోజుల్లో అంకమ్మ మంచం పట్టీని కొరికింది, బట్టల్లోనే ఒంటికి పోసుకుంది, నర్సు మొహాన ఉమ్మింది. ఎక్స్‌రేలో తెల్లటి పొగలాంటిది కనిపించింది. హైమవతి దాన్ని లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది.

తర్వాత పొగ ఆగిపోయింది. అంకమ్మకు మిషను అలవాటైంది. అది కొడుతుంటే నర్సుతో కబుర్లు చెప్పేది.

“ఇదేం దెబ్బ సిస్టరూ. మా ఆయన సమ్మెట కింద కూసోని చూడు, నీ పళ్ళు రాల్తయి.”

వేళలు మార్చారు. బలం పెంచారు. చెప్పకుండా కొట్టించారు. ఆమె ఉలిక్కిపడేది గాని బెదిరేది కాదు. ఇనుమంటే ఆమెకు కోపమే తప్ప భయం లేదు.

హైమవతి మాల్యాద్రిని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. బోనుల్లో ఎలుకలు. ఒక ఎలుకను తీసి బల్ల మీద పెట్టి, వేరుశెనగ పలుకు వేళ్ళతో అందించింది. ఎలుక రెండు చేతులతో పట్టుకుని తింటోంది. ఆమె రెండో చేత్తో సన్నటి కడ్డీ తీసి దాని కాలి మీద కొట్టింది. ఎలుక కీచుమని ఎగిరి పడింది. పక్కన తెర మీద దాని బెదురు చూపే గీత నిట్టనిలువునా లేచింది.

“చూశావా? మిషను కొడితే గీత ఇంతే లేస్తుంది,” అని బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించింది. “వేరే మనిషి కొడితే ఇంత. రోజూ తిండి పెట్టే చెయ్యి కొడితే, అదిగో, అంత.”

“అయితే ఏంది డాక్టరమ్మా?”

“అయితే నువ్వు.”

మాల్యాద్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నా వల్లగాదు.”

“మొలక ఇలాగే ఉంటే చచ్చిపోతుంది. చచ్చినది కుళ్ళుతుంది. అప్పుడు మోకాలి పైన తీస్తే సరిపోదు, తుంటి దాకా తియ్యాలి. అప్పుడూ బతుకుతుందని నేను చెప్పలేను. ఇప్పుడు చెప్పు, నీ వల్ల కాదా?”

అంకమ్మకు చెప్పారు. ఆమె పగలబడి నవ్వింది. ఆసుపత్రిలో చేరాక ఆమె అంతగా నవ్వడం అదే.

“ఈయనా? నన్నా? కోడిని గొయ్యమంటే మొహం అటు తిప్పుకుంటాడు డాక్టరమ్మా. మీకింకెవురూ దొరకలేదా?”

“నీకు ఒప్పుదలేనా?”

“కొట్టనీండి. నా కాలు నాకు గావాల.”

ఇంటికి పంపారు. కాలికి పట్టీ కట్టి, మోకాలి కింద ముందువైపు దెబ్బ వెయ్యడానికి అరచేయంత కిటికీ వదిలారు. మాల్యాద్రికి రబ్బరు తొడుగున్న సుత్తి ఇచ్చారు. వేళ పెట్టుకోవద్దన్నారు. ఆమె చూస్తుండగా కొట్టొద్దన్నారు. ఎప్పుడు పడుతుందో ఆమెకు తెలియకూడదన్నారు.

అతను కొట్టాడు. ఆమె మూలిగింది. ప్రతి దెబ్బకూ అతను ఏడ్చాడు, ఆమె ఓదార్చింది. వారం తర్వాత ఎక్స్‌రే తీస్తే పొగ పెరగలేదు. ఇంకా పలచబడింది.

హైమవతి నల్లమెట్ట వచ్చింది. కారు దూరంగా ఆపి, చెప్పులు విప్పి, గుమ్మం పక్కన నిలబడింది. లోపల అంకమ్మ వెల్లుల్లి పాయలు వలుస్తోంది. మాల్యాద్రి వెనక నుంచి వచ్చాడు. సుత్తి ఎత్తాడు. ‘హుఁ’ అన్నాడు. అంకమ్మ పళ్ళు బిగించింది. దెబ్బ పడింది.

హైమవతి లోపలికి వచ్చింది. “ఆ శబ్దం ఏమిటి?”

“ఏం శబ్దం?” అన్నాడు మాల్యాద్రి. అతనికి నిజంగానే తెలియదు.

అంకమ్మ వెల్లుల్లి పొట్టు ఊదుకుంటూ కూర్చుంది.

“నీకు తెలుసు కదమ్మా?”

“తెల్సు.”

“మరి చెప్పలేదేం?”

“అది ఆయన ఊపిరి డాక్టరమ్మా. మొగుణ్ణి ఊపిరి ఆపమని నేనే చెప్తానా?”

హైమవతి వంగి అంకమ్మ కాలివేళ్ళు పట్టుకుంది. మాల్యాద్రి చెయ్యి లాగి ఆ వేళ్ళ మీద పెట్టింది. చల్లగా ఉన్నాయి. చిటికెన వేలు గోరు చుట్టూ నల్లబడింది. వాసన కూడా మొదలైంది.

“నువ్వు చెప్పి కొడుతున్నావు,” అంది. “చెప్పి కొట్టినన్నాళ్ళు ఈ కాలు చస్తూనే ఉంటుంది.”

ఆమె వెళ్ళాక మాల్యాద్రి సమ్మెట భుజాన వేసుకుని ఎవరూ లేని క్వారీ గుంటలోకి దిగాడు. నోటికి తుండుగుడ్డ బిగించి కట్టుకుని రాయిని కొట్టాడు. ఊపిరి ముక్కులోంచి వచ్చింది. ముక్కు కూడా కట్టుకున్నాడు. కళ్ళు తేలేసేదాకా కొట్టాడు. సాయంత్రానికి గుడ్డ విప్పినా నోట్లోంచి ఏమీ రాలేదు.

మర్నాడు పొద్దున అంకమ్మ మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. అతను నోట్లో వేపపుల్లతో వెనక నుంచి వచ్చాడు. పుల్ల నములుతూనే కొట్టాడు.

టీ ఆమె మొహాన పడింది. గ్లాసు గోడకు తగిలి పగిలింది. ఆ కేక వీధి వీధంతా వినపడింది. పక్కింట్లో పొయ్యి ముందున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అంకమ్మ కాలు పట్టుకోలేదు. కాలు వంక చూడలేదు. మొగుడి నోటి వంక చూసింది. అది వేపపుల్ల నములుతూనే ఉంది.

ఎక్స్‌రేలో దారమంత తెల్లటి గీత వచ్చింది. “ఎంత బాగా వచ్చిందో చూడు,” అని హైమవతి మాల్యాద్రి భుజం తట్టింది. చిటికెన వేలు వెచ్చబడింది.

ఆ వారంలోనే మాల్యాద్రి పనికి వెళ్ళాడు. అంకమ్మ చోట తోటి కూలీ ఓబులేసు ఉలి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని శబ్దం కోసం ఎదురుచూశాడు. శబ్దం రాలేదు. సమ్మెట వచ్చింది. ఉలి పక్కకు తిరిగింది. ఓబులేసు రెండు వేళ్ళు రాయికి అతుక్కుపోయాయి. అతను వాటిని చూసి, చేతిని చూసి, మళ్ళీ వాటిని చూశాడు.

“చెప్పలేదేందిరా?” అన్నాడు. “చెప్పలేదేందిరా నువ్వు?”

ఆ తర్వాత మాల్యాద్రి సమ్మెట కింద ఎవరూ కూర్చోలేదు. వెంగయ్య అతన్ని రాళ్ళు మోసే పనిలో వేశాడు.

అంకమ్మ కనిపెట్టడం మొదలుపెట్టింది. వీపు గోడకు ఆనించి కూర్చునేది. గుమ్మానికి ఎదురుగా తప్ప తినేది కాదు. అతని అడుగును బట్టి, పంచె చప్పుడును బట్టి దెబ్బ ముందే పట్టేసేది. పట్టేసిన దెబ్బకు గీత పెరగదు. హైమవతి ఆలోచించి, మాల్యాద్రిని పక్కకు పిలిచింది.

“ఇవాళ్టికి అయిపోయిందని చెప్పు. ఆమె నమ్మాక కొట్టు.”

“అబద్ధం జెప్పమంటారా?”

“కాలు కావాలా, వద్దా?”

అతను చెప్పాడు. “ఇయ్యాల్టికి అయిపోయిందిలే, పడుకో.” ఆమె పడుకుంది. కొట్టాడు. రెండోసారి దేవుడి పటం మీద చెయ్యేసి చెప్పాడు. కొట్టాడు. మూడోసారి ముడుచుకుని పడుకున్న ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పేలు చూస్తూ, జోలపాట లాంటిదేదో గొణుగుతూ, చాపకింద నుంచి సుత్తి తీసి కొట్టాడు. ఆ దెబ్బకు గీత వేలంత అయింది. హైమవతి ఆ ఎక్స్‌రేను పెద్దది చేయించి గోడకు పెట్టింది.

మాల్యాద్రి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏడవడం లేదు. ఏ మాటకు ఆమె మెత్తబడుతుందో, ఎంతసేపటికి భుజాలు దిగుతాయో, కన్ను ఎప్పుడు మూతపడుతుందో అతనికి తెలుసు. పెళ్ళాన్ని అంత శ్రద్ధగా అతను ఎన్నడూ చూడలేదు. రాయిని మాత్రం అలా చూసేవాడు, పొర ఎక్కడుందో, ఎక్కడ కొడితే విచ్చుకుంటుందో.

అంకమ్మకు జుట్టు ఊడింది. నిద్రలో పళ్ళు కొరికి కొరికి ఒక పన్ను చీలింది. గిన్నె మూత జారిపడితే మంచం కింద దూరేది. కాలు ఒక్కటే బాగుపడుతోంది. అది నున్నగా, వెచ్చగా, రక్తం పట్టి ఉంది. మిగతా ఒళ్ళంతా ఎండి దానికి తగిలించినట్టు ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ కేక విని వెంగయ్య వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. మాల్యాద్రిని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చి, మొహం మీద పిడికిలితో గుద్దాడు. ముక్కు పగిలింది. కింద పడేసి డొక్కలో తన్నాడు. మాల్యాద్రి అడ్డుకోలేదు.

“నా చెల్లెల్ని నీకిచ్చింది ఇందుకేనా రా? గొడ్డుని కూడా ఇట్టా కొట్టరే!”

“డాక్టరమ్మ చెప్పింది బావా…”

“డాక్టరమ్మ చెప్తే గొంతు గూడా గోస్తావా?”

మళ్ళీ గుద్దాడు. రెండు పళ్ళు మట్టిలో పడ్డాయి. వీధిలో వాళ్ళు చుట్టూ నిలబడి చూశారు. వాళ్ళకూ ఆ కేకలు విని విని కసిగా ఉంది. ఎవరో “ఇంకోటి తగిలించు వెంగయ్యా” అన్నారు. వెంగయ్య పక్కనున్న రాయి తీసుకుని మాల్యాద్రి కుడి చెయ్యి నేలకు అదిమి పెట్టాడు.

“అన్నా!”

అంకమ్మ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. తుంటి దాకా వణుకుతోంది.

“మూతి మీద గొట్టుకో. నడుము మీద గొట్టుకో. చేతుల జోలికి మాత్రం పోవద్దు. నా కాలు ఆ చేతుల్లో ఉండాది.”

వెంగయ్య రాయి పక్కన పడేశాడు. చెల్లెలి వైపు చూశాడు. ఆమె రెండు కాళ్ళ మీద నిలబడి ఉందని అప్పుడు తెలిసింది అతనికి. ఆమెకూ అప్పుడే తెలిసింది.

హైమవతి ఆసుపత్రికి పెద్ద డాక్టర్లు వచ్చారు. అంకమ్మ వాళ్ళ ముందు వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఆమె గోడకు అతుక్కుపోయింది. సిగ్గుపడుతోందని వాళ్ళు నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక హైమవతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతులూ పట్టుకుంది. “అయిపోయిందమ్మా. వైద్యం పూర్తయింది. ఇక దెబ్బలు లేవు. డాక్టర్ని, నేను చెబుతున్నాను.”

అంకమ్మ ఆమె మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కసారిగా ఏడ్చింది. నెలలుగా బిగబట్టిన ఒళ్ళు వదులైపోయింది. హైమవతి భుజం మీద తలపెట్టి, “చల్లంగుండు తల్లీ, చల్లంగుండు,” అంది.

హైమవతి ఆమె తల మీదుగా మాల్యాద్రి వైపు చూసి కళ్ళతో సైగ చేసింది. చీలమండ పైన ఇంకా కొంచెం మెత్తగా ఉందని పొద్దున అతనికి చెప్పింది. అతను సంచిలోంచి సుత్తి తీశాడు.

ఆ దెబ్బకు అంకమ్మ అరవలేదు. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం రాలేదు. హైమవతి భుజం మీది నుంచి తల తీసి, ఆమె వంక, మొగుడి వంక, మళ్ళీ ఆమె వంక చూసింది. ఆ తర్వాత ఎవరి వంకా చూడలేదు.

తర్వాతి ఎక్స్‌రేలో ఎముక నిండింది. ఈసారి నిజంగానే అయిపోయింది.

“ఇక కొట్టొద్దు,” అని హైమవతి మాల్యాద్రితో చెప్పింది. “ఆమెకు చెప్పు.”

“మీరే చెప్పండి డాక్టరమ్మా. నా మాట నమ్మదు.”

హైమవతి చెప్పింది. అంకమ్మ కిటికీలోంచి రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చుంది. నర్సు చెప్పింది. వెంగయ్య చెప్పాడు. “నిన్నుగూడా కలుపుకున్నారా అన్నా?” అని అడిగింది.

మాల్యాద్రి సుత్తిని ఆమె చూస్తుండగా నీళ్ళు నిండిన క్వారీ గుంటలోకి విసిరేశాడు. అది మునిగాక ఆమె అడిగింది, “ఇంకోటి యాడ బెట్టావు?”

“ఇంకోటి లేదే. ఒట్టు.”

ఒట్టు అనగానే ఆమె కాలు ముడుచుకుంది.

మంచి మాట చెబితే వణికేది. నవ్వితే వణికేది. తల నిమరబోతే గోడ దాకా జరిగేది. అయిపోయిందని చెప్పడానికి అతని దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు. ఉన్నవన్నీ కాలికే వాడేశాడు. అతను నోరు విప్పితే చాలు, తర్వాత దెబ్బ పడుతుందని ఆమె ఒంటికి తెలుసు. అందుకని మాట్లాడటం మానేశాడు. వీధి అరుగు మీద పడుకునేవాడు. లోపలికి వచ్చి అన్నం పెట్టుకుని తినేవాడు, కంచం కడిగేవాడు, వెళ్ళేవాడు. మాట లేకపోతే ఆమె వణకడం తగ్గిందని అనుకున్నాడు. తగ్గలేదు. లోపలికి పోయింది.

“బావా, దాన్ని కొన్నాళ్ళు మా ఇంటికి తీసకపోతా,” అన్నాడు వెంగయ్య.

“రేపు తీసకపో,” అన్నాడు మాల్యాద్రి. “ఈ రోజు గోంగూర దెచ్చినా. దానికి ఇష్టం.”

అంకమ్మ పెరట్లో రోటి ముందు కూర్చుని గోంగూర నూరుతోంది. ఎండ నిలువునా పడుతోంది. ఎడమ కాలు చాపుకుని ఉంది. పాదం కింద పల్లేరుకాయ గుచ్చుకుని నెత్తురు బొట్టు నిలిచింది. ఆమెకు తెలియలేదు. అంత చిన్న నొప్పులు ఆమెకు తెలియడం మానేసి చాలా రోజులైంది.

మాల్యాద్రి నీళ్ళ బిందెతో వచ్చాడు. బిందె దించాడు. పల్లేరుకాయను చూశాడు. ఏమీ అనలేదు. ఆమె వెనక నుంచి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, పాదం మీద చెయ్యి వేశాడు.

ఆమె చేతిలో పచ్చడి బండ ఉంది.

మొదటి దెబ్బ మెడ వెనక పడింది. ఎముక విరిగిన చప్పుడు రోటి చప్పుడులాగే వినిపించింది. అతను ఆమె పాదం మీదే బోర్లా పడ్డాడు. రెండో దెబ్బ తల మీద పడింది. మూడోది అక్కర్లేదు. అయినా వేసింది. వేసి, వేసి, బండ జారిపోయేదాకా వేసింది. గోంగూర, నెత్తురు, జుట్టు ఒకటైపోయాయి. అతని చెయ్యి ఇంకా పాదాన్ని పట్టుకునే ఉంది. వేళ్ళు విడదీసి చూస్తే వాటి మధ్య పల్లేరుకాయ ఉంది.

దాన్ని ఆమె చూసింది. తర్వాత అతని మొహం పక్కకు తిప్పింది. మొహం లేదు. కాలు లాక్కుని లేచింది. చేతులు కడుక్కుంది.

స్టేషను పక్క ఊళ్ళో ఉంది. దారంతా కంకర, గుంతలు, ఎదురొచ్చే రాళ్ళ లారీలు. ఆమెకు చెప్పులు లేవు. లారీ డ్రైవర్లు చీర మీది నెత్తురు చూసి బళ్ళు ఆపారు. ఎవరి బండీ ఎక్కలేదు. ఆగలేదు. ఎక్కడా కూర్చోలేదు.

స్టేషన్లో రైటరు తలెత్తి చూసి కుర్చీ లోంచి లేచాడు. “ఏందమ్మా ఇది? ఎవురు గొట్టారు?”

“నేనే గొట్టినా. మా ఆయన్ని. పెరట్లో ఉండాడు, కుక్కలు రాకముందు ఎవురినన్నా పంపండి.”

“ఎందుకు?”

“చెప్పకుండా వచ్చాడు.”

“కూర్చో ముందు.”

“కూసోను,” అంది అంకమ్మ. గోడకు వీపు ఆనించి, గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

వెంగయ్య వచ్చేసరికి ఆమె అలాగే నిలబడి ఉంది. అన్నను చూసి చేతులు కాళ్ళకు అడ్డం పెట్టుకుంది. అతను దగ్గరకు వెళ్ళలేకపోయాడు. బయటకు వచ్చి, స్టేషను మెట్ల మీద కూలబడి, హైమవతికి ఫోను చేశాడు.

“డాక్టరమ్మా, మా చెల్లెలు మా బావని చంపేసింది.”

వెంగయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“పచ్చడి బండతో. తలకాయ లేదమ్మా వాడికి. ఇంటున్నారా? మీరు చెప్పిందే గదా వాడు జేసింది. వాడు మంచోడమ్మా. కోడిని గూడా కొయ్యలేడు. వాడి పళ్ళు నేనే రాలగొట్టినా…”

“ఇప్పుడు ఎక్కడుంది?” అంది హైమవతి.

“స్టేషన్లో. తనే వచ్చింది.”

“ఎలా వచ్చింది?”

“నడిచి.”

“నల్లమెట్ట నుంచా? అంతదూరం? ఆ కంకర మీద?”

“ఆఁ.”

ఫోనులో ఊపిరి వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడు. డ్రాయరు లాగి కాగితం తీసిన చప్పుడు.

“వెంగయ్యా, జాగ్రత్తగా ఆలోచించి చెప్పు,” అంది హైమవతి. “కుంటిందా?”